షెకెములో ఆగిన ప్రయాణికుడు

ధ్యానభాగము: ఆదికాండము 28:10-22, 33:1 మొదలు 35:29 వరకు



ఫరో తన యెదుట నిలిచిన వృద్ధుని జూచి ఒక్కటే ప్రశ్న వేసెను. నీ వయస్సెంత అని అడిగెను. యాకోబు చెప్పిన ప్రత్యుత్తరములో మనము ఆగి చూడవలసిన మాట ఒకటి కలదు. తాను బ్రదికిన యేండ్లు ఇన్ని అని అతడు చెప్పలేదు, తాను యాత్ర చేసిన యేండ్లు 130 అని చెప్పెను (ఆది. 47:9). అవి కొద్దివే అనియు, కష్టముతో నిండినవనియు, తన తండ్రి తాతల యాత్రతో అవి తులతూగవనియు చెప్పెను. 130 ఏండ్లు కొద్ది అని చెప్పగలవాడెవడు? దారిమీదనే బ్రదుకు గడిపినవాడు చెప్పగలడు.

ఈ మాసము మనము ఆ యాత్రికుని తిరుగు ప్రయాణమును ధ్యానింతము. అతడు వెళ్లిన సంగతి మనకు బాగుగ తెలియును. నిచ్చెన, దానిమీద ఎక్కుచు దిగుచున్న దేవదూతలు, తలగడయైన రాయి, ఇవన్నియు ఆదివారపు బడి పిల్లలు సయితము చెప్పుదురు. అతడు తిరిగి వచ్చిన విధమును మాత్రము మనము అంతగా చెప్పుకొనము. మన పల్లె సంఘములకు నేడు ఎక్కువగా కావలసినది ఆ రెండవ సంగతియే అని మా తలంపు.

బడి గోడకు వ్రేలాడు పటములలో యాకోబు మీసము రాని పడుచువాడు. లేఖనముల లెక్క వేరుగా నున్నది. యోసేపు 30 ఏండ్ల వయస్సున ఫరో యెదుట నిలిచెను (41:46). సమృద్ధిగల 7 సంవత్సరములును, కరవు కాలములో 2 సంవత్సరములును గడచిన పిమ్మట తండ్రి ఐగుప్తునకు దిగి వచ్చెను (45:6). అప్పటికి కొడుకునకు 39, తండ్రికి 130. కనుక యోసేపు పుట్టునాటికి యాకోబు 91 ఏండ్లవాడు. అది లాబాను ఇంట 14 ఏండ్ల కొలువు ముగిసిన కాలము. వెనుకకు లెక్కించి చూడుడి: ఇల్లు విడిచిన దినమున అతనికి 77 ఏండ్లు. 147 ఏండ్లు బ్రదికినవానికి అది నడివయస్సే అందురేమో. అయినను అంత వయస్సు వచ్చువరకు తల్లిచాటున పెరిగినవాడు, గుడారములలో కూర్చుండుటకు అలవాటుపడినవాడు, చేతికఱ్ఱ ఒక్కటి పట్టుకొని బెయేర్షెబానుండి హారానుకు సుమారు 800 కిలోమీటర్లు నడిచిపోయెను.

తల్లి రిబ్కా అతనిని పంపునప్పుడు కొన్నాళ్లు మాత్రమే అక్కడ ఉండుమని చెప్పినది (27:44). అన్న కోపము చల్లారగానే మనిషిని పంపి పిలిపించెదనని మాట యిచ్చినది. ఆ మనిషి వచ్చినట్లు లేఖనములో ఎక్కడను లేదు. ఆ కొన్నాళ్లు 20 ఏండ్లు అయ్యెను. ఆ తల్లి ఆ కొడుకు ముఖమును మరల చూచినట్లును లేదు.

ఈ కొన్నాళ్లు అను మాట మన తెలుగువారి ఇండ్లలో క్రొత్తది కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరినవారిని దక్షిణాఫ్రికాలోని డర్బను రేవులో దింపెను. చెరకు తోటలలో పని, ఒడంబడిక అయిదేండ్లకే. ఆ ఓడ వెనుక పోయిన ఓడలలో మన తెలుగువారు వేలకొలది పోయిరి. అయిదేండ్లకని పోయినవారి మునిమనుమలు నేటికిని అక్కడనే యున్నారు. వారి మధ్య సువార్త పరిచర్య చేయుటకు నెల్లూరు సీమనుండి తెలుగు బాప్తిస్టు సంఘస్థులు 1903లో జాన్ రంగయ్యగారిని పంపిరి. ఆయన 1915లో ఆ దేశముననే ప్రభువునందు నిద్రించెను. రంగూనుకు పోయినవారి కథయు మన తీరమందలి గ్రామములవారు ఎరుగుదురు. 1941 డిసెంబరులో ఆ పట్టణముపై బాంబులు పడగా, 1942లో లక్షల మంది అడవులగుండ కొండలగుండ నడిచి ఈ దేశమునకు వచ్చిరి. దారిలో రాలిపోయినవారు అనేకులు. 1964లో మరల ఒక గుంపు ఉన్నదంతయు విడిచి వచ్చినది. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట పేరు విన్నవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నేడు కడపనుండి, కోనసీమనుండి, కరీంనగరునుండి మన కుమారులును కుమార్తెలును కువైటునకు, దుబాయికి పోవుచున్నారు. రెండేండ్ల కాగితము మీద వ్రేలిముద్ర వేసి పోవుదురు. తల్లులు వారికి పచ్చళ్లు మూటగట్టుచు ఏమందురు? రెండేండ్లేగదా, కన్ను మూసి తెరిచినట్లుండును అందురు. రిబ్కా మాటయే అది.

ఇక ఆ రాత్రి బేతేలులో యాకోబు దేవునికి చేసిన మ్రొక్కుబడిని చూడుడి. అతడు ఐశ్వర్యము అడుగలేదు. దేవుడు తనకు తోడై దారిలో కాపాడవలెననియు, తిండియు బట్టయు దయచేయవలెననియు, క్షేమముగ తండ్రి యింటికి తిరిగి చేర్చవలెననియు కోరెను. అట్లయినయెడల యెహోవాయే తనకు దేవుడనియు, తాను నిలిపిన ఆ రాయి దేవుని మందిరమగుననియు, తనకు కలిగిన దానిలో పదియవ వంతు చెల్లింతుననియు చెప్పెను. బేరమాడినట్లున్నదని కొందరు బోధకులు ఈ మ్రొక్కుబడిని తక్కువచేసి మాటలాడుదురు. మేము అట్లు తలంపము. చీకటిలో, ఒంటరిగా, అన్న కత్తికి వెఱచి పారిపోవువాడు తిండి, బట్ట, ఇల్లు అను మూడింటిని తప్ప మరేమి అడుగును? మన పల్లెలలో ప్రయాణమయ్యెడు రాత్రి ఉపదేశిని పిలిచి, దీపము వెలిగించి, పెట్టెలమీద చేతులుంచి ప్రార్థన చేయించుకొన్నవారు ఆ మూడింటినేగదా అడిగిరి. ఆ రాత్రి వారు మనస్సులో ఏదో ఒకటి మ్రొక్కుకొనియే యుందురు. చదువుచున్న మీలో ఒకరికి అది ఇప్పుడు జ్ఞాపకమునకు వచ్చుచుండవచ్చును.

లాబాను ఇంటి సంగతి క్లుప్తముగా చెప్పుదుము. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి నిద్ర దూరము. యజమాని పదిమారులు జీతము మార్చెను (31:40-41). పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి తాళము వేయగా ఏండ్ల తరబడి పనిచేసి వచ్చిన మన సహోదరీలు ఈ వచనములను మనకంటె బాగుగ వివరింపగలరు. వారిచేత చెప్పించుకొనుట సంఘమునకు మేలు.

ఆ ఇరువదవ యేట దేవుడు హారానులో యాకోబుతో మాటలాడెను. ఏమని మాటలాడెను? తాను బేతేలు దేవుడనని చెప్పెను. యాకోబు స్తంభముమీద నూనె పోసి మ్రొక్కుకొన్న ఆ చోటును జ్ఞాపకము చేసి, లేచి స్వదేశమునకు తిరిగి పొమ్మనెను (31:13). ఇరువది యేండ్లలో మంద పెరిగెను, ఇద్దరు భార్యలు, ఇద్దరు దాసీలు, పదునొకండుగురు కుమారులు, ఒక కుమార్తె కలిగిరి. మ్రొక్కుబడి సంగతి యాకోబు నోట ఒక్కమారును వినబడదు. దేవుడు మాత్రము ఆ రాయిని మరువలేదు.

తిరుగు దారిలో ముందుగా వచ్చినది ఇల్లు కాదు, అన్న. ఇది మనము జాగ్రత్తగా గమనింపవలెను. ఏశావును తప్పించుకొని తండ్రి యింటికి పోవు అడ్డదారి యాకోబు వెదకలేదు. తానే ముందుగా మనుష్యులను పంపి తన రాకను అన్నకు తెలియజేసెను. ఏశావు 400 మందితో ఎదురు వచ్చుచున్నాడని వినగానే మిక్కిలి భయపడెను. మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, పిల్ల ఒంటెలను విడిచి లెక్కించినను 550 జీవములను ముందుగా కానుకగా పంపెను (32:14-15). ఆ రాత్రి యబ్బోకు రేవున దేవునితో పోరాడి తొడగూడు వసిలి కుంటుచు వచ్చెను. ఏశావు ఏమి చేసెను? పరుగెత్తి వచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకొనెను, ఇద్దరును ఏడ్చిరి. ఏశావును గూర్చి మన ప్రసంగపీఠములమీద మంచిమాట వినబడుట అరుదు. కూటికొరకు జ్యేష్ఠత్వమును అమ్ముకొన్నవాడు నిజమే. అయినను ఈ అధ్యాయములో పరుగెత్తినవాడు అతడే. తప్పిపోయిన కుమారుని ఉపమానములో ప్రభువు ఆ తండ్రి పరుగును, మెడమీద పడుటను వర్ణించినప్పుడు, వినుచున్న యూదులకు ఈ ఏశావు జ్ఞాపకము వచ్చియుండడా?

మేము సంఘములను దర్శించునప్పుడు చూచుచున్నాము. ఇరువది యేండ్లు పరదేశములో కష్టపడి వచ్చి డాబా ఇల్లు కట్టుకొన్నవాడు, ప్రక్కనే పెంకుటింటిలోనున్న తన అన్నతో మాటలాడడు. గట్టుకాడ నాలుగు మూరల నేల, లేక తల్లికి మందులు కొనుటకు పంపిన డబ్బు లెక్క, ఇటువంటిదేదో మధ్యనుండును. ఇద్దరును ఒకే గుడిలో ఒకే బల్లయొద్ద రొట్టె విరుతురు. ఇల్లు చేరితిమని అతడు అనుకొనుచున్నాడు గాని యబ్బోకు రేవు ఇంకను దాటలేదు.

అయితే యాకోబు అన్నతో సమాధానపడినవాడే గదా, అతనికి ఇంక ఏమి కొదువ? ఇక్కడనే ఈ కథలో మనలను కలవరపెట్టు భాగము కలదు. శేయీరునకు నీ వెనుక వచ్చెదనని అన్నకు చెప్పి (33:14), యాకోబు శేయీరునకు పోక సుక్కోతునకు పోయెను. అక్కడ తనకు ఇల్లును పశువులకు పాకలును కట్టెను. అటుపిమ్మట యొర్దాను దాటి షెకెమునకు వచ్చి, ఊరి యెదుట గుడారము వేసి, ఆ పొలము నూరు వరహాలకు కొనెను. అక్కడ ఒక బలిపీఠము కూడ కట్టి, దానికి దేవుని పేరు పెట్టెను. భూమి కొన్నాడు, ప్రార్థనకు చోటు ఏర్పరచుకొన్నాడు, ఇరుగుపొరుగువారితో పొత్తు కుదిరినది. చూచువారికి ఇది చక్కగా స్థిరపడిన కుటుంబమే.

కాని అది బేతేలు కాదు. షెకెమునుండి బేతేలునకు ఒకటి రెండు దినముల నడక. ముదుసలియైన తండ్రి ఇస్సాకు నివసించిన హెబ్రోనునకు మరి రెండు దినములు. 800 కిలోమీటర్లు పోయి, 20 ఏండ్లు కొలువు చేసి, మామను తప్పించుకొని, అన్నను ఎదుర్కొని, యొర్దానును దాటినవాడు చివరి రెండు దినముల నడకను మిగిల్చి కూర్చుండెను. ఎంతకాలము? లాబాను ఇల్లు విడిచినప్పుడు దీనా ఏడేండ్లకు మించని పసిపిల్ల. షెకెములో జరిగిన సంగతి నాటికి ఆమె యుక్తవయస్కురాలు. సుక్కోతులోను షెకెములోను కలిపి ఏడెనిమిది ఏండ్లైనను గడచియుండవలెను.

ఎందుకు ఆగెను? పచ్చిక మంచిదని ఆగెనేమో. మంద అలసినదని ఆగెనేమో. బేతేలునకు పోయినచో పదియవ వంతు లెక్కచూడవలెను. ఇన్నేండ్ల మందలో పదియవ వంతు సామాన్యము కాదు. చేతికఱ్ఱతో మాత్రమే పోవువానికి పదియవ వంతు మ్రొక్కుకొనుట సులభము. రెండు గుంపులతో తిరిగి వచ్చినవానికి అది కష్టము. ఇది మా ఊహయే గాని, సంఘపు కానుకల పుస్తకమును చేతబట్టినవారు ఎవరైనను దీనిని కాదనరు.

34వ అధ్యాయమును గుడిలో చదువుట అరుదు. దీనా ఆ దేశపు కుమార్తెలను చూడ వెళ్లెను. హమోరు కుమారుడైన షెకెము ఆమెను పట్టుకొని బలాత్కారము చేసెను. ఈ అధ్యాయమునుబట్టి ఆడపిల్ల గడప దాటరాదని బోధించిన ప్రసంగములు మేము వినియున్నాము. అది వాక్యమును వంచుటయే. స్నేహితురాండ్రను చూడ వెళ్లిన పిల్లయందు లేఖనము ఏ నేరమును మోపలేదు. చెఱిపినవానియందు మోపినది. కుమార్తెకు జరిగినది వినియు యాకోబు కుమారులు పొలమునుండి వచ్చువరకు ఊరకుండెననియు వ్రాసినది. షిమ్యోనును లేవియు మోసము చేసి ఊరిలోని మగవారినందరిని చంపినప్పుడు, తండ్రి నోట వచ్చిన మాట ఈ దేశస్థులలో తన పేరు చెడిపోయెననియు, తాను స్వల్పసంఖ్యగలవాడననియు మాత్రమే. దీనాను గూర్చి ఒక్క మాట లేదు. తండ్రి దారిలో ఆగినందుకు పిల్ల చెల్లించినది. తలిదండ్రులారా, మీరు ఎక్కడ గుడారము వేసితిరో అక్కడనే మీ పిల్లలు పెరుగుదురు. వారు షెకెమును కోరుకొనలేదు.

అప్పుడు దేవుడు మాటలాడెను. లేచి బేతేలునకు వెళ్లి అక్కడ నివసింపుమని చెప్పెను; ఏశావు యెదుటనుండి పారిపోయినప్పుడు కనబడిన దేవునికి అక్కడ బలిపీఠము కట్టుమనెను (35:1). గద్దింపు లేదు, పాత లెక్కలు లేవు. ఆలస్యమైనందుకు వడ్డి అడుగలేదు. లేచి రమ్మనెను, అంతే. ఈ వచనమును వ్రాయుచు మేము కొంతసేపు కలము ఆపితిమి.

అప్పుడు యాకోబు తన యింటివారితో అన్యదేవతలను పారవేయుడనెను. వారు తమయొద్దనున్న విగ్రహములను, చెవిపోగులను తెచ్చి ఇయ్యగా షెకెము దగ్గరనున్న మస్తకి వృక్షము క్రింద వాటిని పాతిపెట్టెను. రాహేలు తండ్రి ఇంట దొంగిలి ఒంటె సామగ్రిలో దాచి తెచ్చిన గృహదేవతలు కూడ వీటిలో ఉండియుండవలెను. అవి హారాను విడిచినది మొదలు ఆ గుడారములలోనే ఉన్నవి. పరదేశమునుండి వచ్చువాని పెట్టెలో దుప్పట్లు, అత్తరు సీసాలు, పిల్లలకు బొమ్మలు ఉండును. వాటితో నిమిత్తము లేదు. దుడ్డు ఉన్నవాడే మనిషి అను అలవాటు, వాయిదా వడ్డీ వ్యాపారము, దూరములో ఉన్నప్పుడు తెలియదుగదా అని ఏర్పరచుకొన్న రెండవ బ్రదుకు, ఇవి కూడ అడుగున మడతపెట్టి వచ్చును. సుంకము అధికారులు వీటిని పట్టుకొనరు.

బేతేలు చేరిన పిమ్మట జరిగిన ఒక చిన్న సంగతిని లేఖనము ఒక్క వచనములో చెప్పి దాటిపోవును (35:8). మేము దాటలేకున్నాము. రిబ్కా దాదియైన దెబోరా అక్కడ చనిపోయెను. ఈమె ఎవరు? రిబ్కా పెండ్లికూతురై తన పుట్టింటినుండి బయలుదేరినప్పుడు ఆమెతోకూడ పంపబడిన దాది (24:59). అక్కడ ఆమె పేరు కూడ వ్రాయబడలేదు. అది యాకోబు పుట్టుటకు 20 ఏండ్లకు ముందు. అనగా బేతేలులో కన్ను మూయునాటికి ఆ ముసలిది తన పుట్టినూరు విడిచి 120 ఏండ్లకు పైబడినది. ఎవరి పెండ్లికో ఎవరి దేశమునకో వచ్చి, ఎవరి పిల్లలనో పెంచి, తిరిగి పోలేదు. ఆమె మ్రొక్కుబడి ఏదో, ఆమె ఇంటికి పోగోరెనో లేదో ఎవరును అడుగలేదు. అయినను ఆమె చచ్చినప్పుడు యాకోబు ఇంటివారు ఆమెను సింధూరవృక్షము క్రింద పాతిపెట్టి, ఆ చెట్టునకు ఏడ్పుచెట్టు అని అర్థమిచ్చు పేరు పెట్టిరి. రిబ్కా మరణమును గూర్చి గ్రంథములో ఒక్క మాట లేదు. పనిమనిషి కొరకు ఒక చెట్టు నిలిచినది. పరుల పిల్లలను ఎత్తుకొని పెంచుటకు కువైటు ఇండ్లలోనున్న మన స్త్రీలయొద్దకు ఈ పత్రిక చేరునో చేరదో. వారి తల్లులు చదివినయెడల ఫోనులో ఈ వచనమును చదివి వినిపింపుడి.

ఆ దారిలోనే ఎఫ్రాతాకు కొంత దూరమున రాహేలు బెన్యామీనును కని చనిపోయెను. తుదకు యాకోబు హెబ్రోనులోని మమ్రేయందు తండ్రియొద్దకు వచ్చెను. చూపు మందగించి చావు దగ్గరపడెనని అనుకొన్న ఇస్సాకు ఇంకను బ్రదికియుండెను! 180 ఏండ్లు నిండి మృతిబొందినప్పుడు ఏశావును యాకోబును కలిసి అతనిని పాతిపెట్టిరి (35:29). అప్పటికి యాకోబునకు 120 ఏండ్లు. యబ్బోకు దాటకున్నయెడల ఆ ఇద్దరు ఒక సమాధియొద్ద కలిసి నిలువగలిగెడివారా?

మన సంఘ పెద్దలకు ఒక మాట. పయనము ముగించి వచ్చినవారిని మీరు ఎట్లు చేర్చుకొనుచున్నారు? కానుక పెద్దదైనచో మైకులో పేరు చదివి దండ వేయుదురు. నయోమివలె నిండుగా పోయి వట్టిచేతులతో వచ్చినవారి సంగతి ఏమి? ఏజెంటుకు కట్టిన అప్పు తీరకమునుపే రోగముతో తిరిగివచ్చినవాడు, గుడిలో వెనుక తలుపు దగ్గర కూర్చుండి, చివరి ప్రార్థన కాకమునుపే లేచిపోవును. ఎవరైనను పలుకరించినచో ఏమి తెచ్చితివి అని అడుగుదురని అతని భయము. బేత్లెహేము స్త్రీలు నయోమిని గుర్తుపట్టి పేరుపెట్టి పలికిరి. ఆమె తన చేదు అంతయు వారి యెదుట చెప్పుకొన్నది. వారు దానిని ఖండింపలేదు. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయి, పట్టణములనుండి కూలివారు పిల్లలను భుజాన వేసికొని వందల కిలోమీటర్లు నడిచి వచ్చినప్పుడు, కొన్ని ఊళ్లవారు పొలిమేరలో ముండ్లకంపలు అడ్డము వేసిరి. వ్యాధి భయము నిజమే. అయినను ఆ కంపలు తీసిన పిమ్మట, అడ్డము వేసినవారును ఆగిపోయినవారును ఒకరితో ఒకరు దానిని గూర్చి మాటలాడుకొనిరా?

ఊరు విడువనివారు, ఈ సంగతులు మావి కావని ఈ పుట త్రిప్పివేయవద్దు. కోతపండుగనాడు మీరు మొదటి వరికంకులను, గుమ్మడికాయలను, కోడిపిల్లలను గుడికి తెత్తురు. ఇశ్రాయేలీయులు ప్రథమఫలముల గంప యాజకుని చేతికిచ్చినప్పుడు ఏమి చెప్పవలెనని ఆజ్ఞ యుండెనో ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో చదువుడి. తన పంటను గూర్చి చెప్పవలసిన అవసరము మొదట లేదు. తన తండ్రి దిక్కులేక తిరిగిన అరామీయుడని మొదట ఒప్పుకొనవలెను. ఆ అరామీయుడు యాకోబే. తాతముత్తాతలనాటినుండి ఒకే పొలము దున్నినవాడైనను గంప దింపునప్పుడు తాను త్రోవనపోయినవాని బిడ్డనని చెప్పుకొనవలెను. అట్లు చెప్పినవాడు మరల అదే అధ్యాయములో పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి తన పంటలో పాలు పెట్టవలసియుండెను.

యాకోబు పయనము హెబ్రోనులో ముగియలేదు. యోసేపు కొరకు ముసలితనమున మరల దారిపట్టి ఐగుప్తులో 17 సంవత్సరములు బ్రదికెను. తనను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యోసేపుచేత ప్రమాణము చేయించుకొనెను. పరదేశములో చనిపోయినవారి దేహము కొరకు వారములు వారములు కాగితముల వెంట తిరిగి, శంషాబాదు విమానాశ్రయములో పెట్టె అందుకొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. వారికి ఆ ప్రమాణము అర్థమగును. ఐగుప్తీయులు 70 దినములు అంగలార్చిన పిమ్మట కుమారులు అతని దేహమును కనాను దేశమునకు మోసికొనిపోయి, హెబ్రోనులో మక్పేలా పొలమందలి గుహలో పాతిపెట్టిరి.

ఆ గుహలో ఎవరెవరున్నారో యాకోబు చావకమునుపు తానే చెప్పియుండెను (49:31). అబ్రాహాము, శారా, ఇస్సాకు, లేయా, వారితో రిబ్కా. ఆమె సమాధి ఎక్కడనో మనకు తెలియుట ఆ ఒక్క వచనమువలననే. కొన్నాళ్లు అని చెప్పి ఆమె పంపిన కొడుకు 77వ యేట వెళ్లి, 147వ యేట ఆమె ప్రక్కకు వచ్చెను.